కెజియా చేత చెప్పించిన మాట

ఇంజిను ఆపి చాలాసేపైనా బస్సు లోపల వేడి తగ్గలేదు. మే నెల ఎండకి రెగ్జిన్ సీట్లన్నీ కాగి ఒకటే వాసన, బబుల్ గమ్‌ది, పిల్లల చెమటది, ఏ సీటు కిందో ఎండిపోతున్న నారింజ తొక్కది. బడి వదలడానికి ఇంకా గంట ఉంది. రోజూ ఈ గంట నాది. చెప్పులు విప్పేసి, కాళ్ళు ఇంజిను మూత మీద చాపుకుని, కళ్ళు మూసుకుంటాను. ఇవాళ చెప్పులు విప్పలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, బస్సు కదులుతున్నట్టే కూర్చున్నాను. ఎదురుగా బడి. రెండో అంతస్తులో ఎడమనించి నాలుగో కిటికీ వెనక నా కూతురు కెజియా ఉంటుంది. పదకొండేళ్ళ పిల్ల. అరగంట కిందట ప్రిన్సిపాల్ గదిలో నిలబడి, తను చెయ్యని తప్పుకి క్షమాపణ చెప్పి, మళ్ళీ క్లాసుకి వెళ్ళి కూర్చున్న పిల్ల. చెప్పించింది ప్రిన్సిపాల్ కాదు, టీచరు కూడా కాదు. నేను. ట్రెనీస్ గ్యాడ్సన్‌ని. ఈ బడికే బస్సు నడిపే మనిషిని. పిల్ల పుట్టిన రోజు నించీ తల పైకెత్తు, తల పైకెత్తు అని చెవినిల్లు కట్టుకుని పోరిన తల్లిని.

జరిగింది చాలా చిన్నది, చెబితే నిమిషం పట్టదు. ఇంట్లోవాళ్ళలో ఎవరో ఒకరి గురించి వ్యాసం రాసుకురమ్మని మిస్ కార్డెల్ పిల్లలకి చెప్పింది. కెజియా మా అమ్మ గురించి రాసింది. మా అమ్మ ఎర్లీన్ ఫోర్ట్ వ్యాలీలో తొక్క మీద నూగుండే పీచు పళ్ళ షెడ్డులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు పళ్ళు ఏరింది. 'పీచు పళ్ళ నూగు మా అమ్మమ్మ చేతుల్లోంచి ఎప్పుడూ పోలేదు, అందుకని మమ్మల్ని ముట్టుకునే ముందు ఆవిడ చేతులు కడుక్కునేది, కడుక్కున్నాక కూడా మెల్లిగా ముట్టుకునేది' అని ఒక వాక్యం. టీచరు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, పక్కన 'ఇది ఎవరి వాక్యం?' అని రాసింది. క్లాసు అందరి ముందూ కాగితం తిరిగిచ్చింది. కెజియా లేచి నిలబడి, "నాదేనండి. మీకు నమ్మకం లేకపోతే ఇక్కడే కూర్చుని ఇంకోటి రాస్తాను, చూడండి," అన్నదట. పిల్లలు నవ్వారట. అంతే. ఆ నవ్వే మిస్ కార్డెల్‌కి తగిలి ఉంటుంది. ఆ అమ్మాయికి ఇరవై నాలుగో ఇరవై అయిదో, తెల్లటి మెడ మీద ఎర్రటి మచ్చలు లేచి ఉన్నాయి ఆ గదిలో కూర్చున్నప్పుడు, వేలి చివర ఇంకా ఎర్రసిరా ఉంది. ఆమె కూడా భయపడుతోందని నాకు కనిపించింది. నేను ఆమె భయాన్ని చూశాను, నా భయాన్ని చూసుకున్నాను, నా పిల్లని మాత్రం చూడలేదు.

ఆ వ్యాసం కెజియా నాలుగు సాయంత్రాలు రాసింది. వంటింటి బల్ల మీద, పెన్సిలు చివర కొరుకుతూ. నేను చేప ముక్కలకి మొక్కజొన్న పిండి అద్దుతుంటే అడిగింది, అమ్మమ్మ చేతులు ఎలా ఉండేవి అని. గరుగ్గా అన్నాను. గరుగ్గా అంటే ఎలా, పిల్లి నాలికలాగానా, ఇటుకలాగానా. కాదే, పీచు నూగు ఉంటుంది కదా, దురద పెట్టేది, మమ్మల్ని ఎత్తుకునే ముందు కడుక్కునేది అన్నాను. అంతవరకే నేను చెప్పింది. 'కడుక్కున్నాక కూడా మెల్లిగా ముట్టుకునేది' అన్నది నేను చెప్పలేదు. అది పిల్ల దానంతట అదే పట్టుకుంది. చదివి వినిపించినప్పుడు నేను మూకుడు దగ్గర అటు తిరిగి నిలబడిపోయాను, కళ్ళు కనిపించకుండా. అది నాకు తెలుసు. ప్రిన్సిపాల్ బల్ల ముందు కూర్చున్నప్పుడూ తెలుసు. ఆ వాక్యం పుట్టినప్పుడు వంటింట్లో ఉన్న సాక్షిని నేనొక్కదాన్నే. నోరు విప్పలేదు.

మిస్టర్ బ్లాలాక్ మావాడే. మా చర్చి పక్క వీధిలో పుట్టి పెరిగినవాడు, ఈ బడికి ప్రిన్సిపాల్ అయిన మొదటి నల్లవాడు. ఆయన గొంతు తగ్గించి, "ట్రెనీస్ గారూ, ఎవరు రాశారన్నది తర్వాత తేల్చుకుందాం. ఇప్పుడు సమస్య మాట తీరు. అమ్మాయి క్షమాపణ చెప్పేస్తే ఇక్కడితో పోతుంది. లేదంటే మూడు రోజులు సస్పెన్షన్. అది ఫైల్లో పడితే హైస్కూలు దాకా వెంట వస్తుంది. మీకు తెలియనిది కాదు," అన్నాడు. మీకు తెలియనిది కాదు. మావాళ్ళు మావాళ్ళతో అనే మాట అది. అందులో బెదిరింపు లేదు, జాలి ఉంది, ఆ జాలే నన్ను కూలేసింది. తెలియకేం. ఆ ఫైళ్ళు ఎలా లావెక్కుతాయో తెలుసు. నా అన్న కొడుకు ఫైలు ఆరో తరగతిలో మొదలైంది, వాడు పదిహేడో ఏట చదువు మానేసేనాటికి ఇంత మందమైంది. ఇక్కడిదాకా అయితే ఎవరికైనా చెప్పుకోవచ్చు, పిల్ల మేలు కోరి చేశానని. కానీ ఆ కుర్చీలో నా బుర్రలోకి ఇంకోటి కూడా వచ్చింది. నా బస్సు. నా రూటు. పదకొండేళ్ళుగా ఒక్క మాట పడకుండా నడుపుతున్న రూటు. ఈ టీచర్లతో రోజూ గుడ్ మార్నింగ్ అనాలి, ఈ ప్రిన్సిపాల్ సంతకంతోనే నా కాగితాలు కదలాలి. ఎంతసేపు ఉంది ఆ ఆలోచన? రెప్పపాటు. రెప్పపాటైనా వచ్చింది.

"క్షమాపణ చెప్పు కెజియా," అన్నాను.

"దేనికమ్మా?"

"చెప్పమన్నాను."

అప్పుడది నా వైపు తిరిగింది. టీచరు వైపు కాదు. చూసింది. ఆ చూపుని ఇప్పుడీ అద్దంలో, ఈ స్టీరింగు మీద, ఎక్కడ చూసినా చూస్తున్నాను. తర్వాత టీచరు వైపు తిరిగి, "క్షమించండి మేడమ్," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నా ఇంట్లో అలాంటి గొంతు లేదు. మిస్ కార్డెల్, పాపం, హమ్మయ్య అనుకున్న మొహంతో, "మంచి పిల్లవి," అంది.

మంచి పిల్లవి. ఆ మాట నేనూ విన్నాను, ఎనిమిదేళ్ళప్పుడు. ఊళ్ళో టోపీల దుకాణంలో, ఈస్టర్‌కి ముందు వారం. మా అమ్మ నా చెయ్యి వదిలి ఏదో చూస్తోంది. పసుపుపచ్చ టోపీ ఒకటి, చుట్టూ రిబ్బను, నా ఎత్తుకి అందేలా పెట్టి ఉంది. తల మీద పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. దుకాణం తెల్లావిడ వచ్చి రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని తోకపట్టి ఎత్తినట్టు, ఆ టోపీ నా తల మీంచి తీసి బల్ల కింద పడేసింది. మళ్ళీ అమ్మకానికి పెట్టలేదు, కింద పడేసింది. నేనన్నాను, "నా తల నిన్ననే కడిగింది మా అమ్మ. కావాలంటే చూసుకోండి." అమ్మ ఎప్పుడొచ్చిందో, నోటి మీద కొట్టింది. పెదవి పన్నుకి తగిలి ఉప్పగా అయింది. అమ్మ ఆవిడకి క్షమాపణ చెప్పింది, నా చేతా చెప్పించింది, ఆవిడా 'మంచి పిల్లవి' అంది. బస్సులో ఇంటికి వస్తుంటే అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే కూర్చుంది. నేను మూడు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి దుప్పట్లో ఒట్టు పెట్టుకున్నాను, నాకు పిల్ల పుడితే ఎవరి ముందూ కళ్ళు దించనివ్వను అని. ఎనిమిదేళ్ళ పిల్ల ఒట్టు. నేనది మరచిపోలేదు, అదే నా గొప్ప అనుకున్నాను ఇన్నేళ్ళూ. అమ్మ పోయే ముందు వేసవిలో, వరండాలో కూర్చుని బఠానీలు ఒలుస్తూ, అడక్కుండానే అంది, "ఆ రోజు ఇంకొకరు కొట్టేలోపు నేనే కొట్టానే. నా చెయ్యయితే మెత్తగా ఉంటుందని." మెత్తగా లేదమ్మా అని నేననలేదు. గింజలు గిన్నెలోకి ఏరాను. అమ్మకి ఒక కారణముంది. ఆమె కళ్ళారా చూసింది, తెల్లవాళ్ళ ముందు నోరు జారిన మా పిల్లల్ని ఏం చేశారో. నేనేం చూశాను? ఏసీ గది, మర్యాదగా మాట్లాడే ఇద్దరు మనుషులు, టేబుల్ మీద మిఠాయి బిళ్ళల గిన్నె. దానికే వంగాను.

ఎవరో కిటికీ అద్దం మీద తట్టారు. వొంజెల్లా. నా వెనక బస్సు ఆమెది. మేమిద్దరం ఒకే ఏడు ఈ పనిలో చేరాం. చేతిలో ఉడికించిన వేరుశెనక్కాయల పొట్లం.

"ఏంటే, మొహం పులిసిన పిండిలా పెట్టావు? మీ ఆయన లారీ అమ్మేసి పాస్టరు అవుతానన్నాడా?"

నవ్వు రాలేదు. చెప్పాను. నిలబడే కాయలు ఒలుచుకుంటూ అంతా విని, డొల్లలు జేబులో వేసుకుంది.

"అయితే ఏంటిప్పుడు? మనలో ఏ తల్లి చెయ్యలేదు చెప్పు. నేను నా పెద్దాడి చేత పోలీసు ముందు సారీ చెప్పించాను, వాడు చేసిన నేరమల్లా సైకిలు తొక్కడం. పిల్లలు ఇంటికి రావాలి, అంతే. మిగతావి తర్వాత."

"వాడేమన్నాడు?"

"ఎవడు?"

"మీ పెద్దాడు. తర్వాత."

వొంజెల్లా కాయ ఒలవడం ఆపింది. "ఏమీ అనలేదు. అప్పటికీ ఇప్పటికీ ఏమీ అనలేదు," అంది. "తిను, ఉప్పు బాగా పట్టింది," అని పొట్లం నా ఒళ్ళో పెట్టి తన బస్సు వైపు వెళ్ళిపోయింది. మనలో ఏ తల్లి చెయ్యలేదు. ఓదార్చడానికే అంది. కానీ అందరం చేసిందైతే నా తప్పు చిన్నదవుతుందా, పెద్దదవుతుందా.

కెజియా పుట్టిన మూడో రోజు జునీటా పిన్ని వచ్చి చంటిదాని చెవి వెనక్కి తిప్పి చూసింది. పుట్టిన వారం దాకా ఒంటిరంగు నమ్మకూడదు, చెవి అంచులు చూస్తే అసలు రంగు తెలుస్తుందని మా ఆడవాళ్ళ లెక్క. "అమ్మో, చిక్కటి డికాషనే," అంది. మాట తేలిగ్గానే అంది, కానీ మూతి విరిచింది. "పాలు కలపకుండానే తాగుతాం పిన్నీ," అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆ రోజు నన్ను చూసి నాకే గర్వం. నాలుగో ఏట ఈస్టర్‌కి చర్చిలో పద్యం చెప్పించాను. ముందు ఎక్కిన పిల్లలంతా జనాన్ని చూసి ఏడుపులు, ఒకడైతే వేదిక మీదే తడుపుకున్నాడు. ఇది మెరిసే నల్లబూట్లు టక్కుటక్కుమనిపిస్తూ ఎక్కి, మైకు అందకపోతే మైకు వదిలేసి, పన్నెండు పంక్తులూ చెప్పింది. ముందు బెంచీల్లో ముసలమ్మలు విసనకర్రలు ఆపేసి, "చెప్పు తల్లీ, చెప్పు," అంటూ. నాలుగో పంక్తిలో తడబడబోయింది, వాళ్ళు "పరవాలేదు బంగారూ, తీరిగ్గా చెప్పు," అనేసరికి నిలదొక్కుకుంది. అంతమంది అంత ప్రేమగా ఎత్తి నిలబెట్టిన పిల్ల. మా ఆయన లైమన్ ఆ రోజు ఎంత మురిసిపోయాడో అంతే బెంగపడ్డాడు. ఇంటికొచ్చాక బూట్లు విప్పుతూ, "పిల్లకి నోరిచ్చావు ట్రెనీస్. ఆ నోటికి కాపలా ఎవరు?" అన్నాడు. "నేనున్నాగా," అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

బస్సు నడిపేవాళ్ళకి అద్దంలో చూడ్డం అలవాటు. వెనక ఎవరేం చేస్తున్నా తల తిప్పకుండా తెలిసిపోతుంది. ఎవరు ఎవరి జడ లాగారో, ఎవరు ఏడుస్తున్నారో. కెజియా ఆ గదిలో నన్ను చూసిన చూపులో ఏముందో మాత్రం ఇప్పటిదాకా తెలియలేదు. కోపం అనుకున్నాను. కోపమైతే బావుండేది. ఇప్పుడు, ఈ వేరుశెనక్కాయలు ఒళ్ళో చల్లారుతుండగా, మెల్లిగా తెలిసింది. ఆ చూపుతో అడిగింది పిల్ల. అమ్మా, నువ్వు కూడానా అని. నేను దొంగిలించి రాశానని నువ్వు కూడా అనుకుంటున్నావా అని. అంతే కదా, ఇంకేమనుకుంటుంది? కళ్ళముందు రాసింది చూసిన మనిషి, వాక్యం విని వెనక్కి తిరిగిన మనిషి, నోరెత్తలేదంటే పిల్ల బుర్రకి తట్టేది అదొక్కటే. సాయంత్రం నేను చెప్పొచ్చు, నాకు అనుమానం వచ్చిందే, పొరపాటు పడ్డాను, క్షమించు అని. పిల్ల క్షమిస్తుంది. పొరపాటు పడ్డ తల్లిని క్షమించడం తేలిక. అసలు సంగతి చెబితే? నమ్మాను, పూర్తిగా నమ్మాను, నమ్మి కూడా నీ తల దించాను అని చెబితే? అబద్ధం చెబితే నేను తెలివితక్కువ తల్లిని. నిజం చెబితే పిరికి తల్లిని. తెలివితక్కువ తల్లిగా ఉండాలని ఎంత కోరిక పుట్టిందో, ఆ కోరికకి నాకే సిగ్గేసింది.

మూడు కావస్తోంది. పొట్లం సీటు మీద పెట్టి దిగాను. "నా బస్సు చూస్తూండు," అని వొంజెల్లాకి చెప్పాను. ఎక్కడికని అడగలేదామె.

మిస్టర్ బ్లాలాక్ తలుపు దగ్గరే ఉన్నాడు, గంట కొట్టాక వరండాలో నిలబడటానికి బయల్దేరుతూ.

"సర్, ఒక మాట. ఆ వ్యాసం మా వంటింట్లో రాసింది. నాలుగు సాయంత్రాలు. నేను చూశాను. ఇందాకే చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను."

"క్షమాపణ వెనక్కి తీసుకోవడమంటూ ఉండదండీ."

"అయితే పిల్ల తప్పు లేకుండా తల్లి చెప్పించిందని రాసుకోండి."

ఆయన లోపలికి నడిచి తలుపు వేశాడు. "అలాగైతే సస్పెన్షన్ మాట మళ్ళీ పైకొస్తుంది. ఆలోచించుకున్నారా?"

"రానివ్వండి."

"మీరెంత కష్టపడి..." అని ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నా కూతురి విషయంలో నేనూ ఒకసారి..." అది కూడా పూర్తి చెయ్యలేదు. "రేపు ఎనిమిదింటికి రండి. మిస్ కార్డెల్‌ని ఉండమంటాను."

"ఎనిమిదింటికి నాకు రూటుంది."

"తెలుసు."

"వస్తాను," అన్నాను. మెట్లు దిగాను. ధైర్యం చేసినవాళ్ళకి తేలిగ్గా ఉంటుందంటారు. నాకు అలా ఏమీ అనిపించలేదు. ఆలస్యంగా వచ్చిన మనిషిలాగే ఉన్నాను.

పిల్లలు తోసుకుంటూ ఎక్కారు. కెజియా రోజూ నా వెనక సీట్లోనే, ఇల్లు చేరేదాకా చెవిలో వాగుతూ. ఇవాళ నా పక్కనించి, ఎవరో డ్రైవరు పక్కనించి వెళ్ళినట్టు వెళ్ళి ఆఖరి సీట్లో కూర్చుంది. పదిహేడు చోట్ల ఆపాను. దిగేవాళ్ళు దిగుతున్నారు, అద్దంలో బస్సు ఖాళీ అవుతోంది, చివరికి మిగిలింది దాని నుదురు, కిటికీకి ఆనించిన నుదురు. ఆఖరి స్టాపు తర్వాత బస్సు పక్కకి తీసి ఆపి, వెనక దాకా నడిచి ప్రతి సీటూ చూడాలి, ఎవరైనా నిద్రపోయారేమోనని. అది రూలు. ప్రతి సీటూ చూస్తూనే నడిచాను. ఒక పెన్సిలు పెట్టె, ఒక చెప్పు. ఆఖరి సీటు దగ్గరకొచ్చి ఎదురుగా ఉన్న పొట్టి సీట్లో ఇరుక్కుని కూర్చున్నాను.

"నువ్వే రాశావని నాకు తెలుసు," అన్నాను.

తల తిప్పలేదు. "నువ్వు నమ్మలేదనుకున్నా."

"నమ్మాను. అక్కడ కూర్చున్నప్పుడు కూడా నమ్మాను. భయమేసింది. నీ గురించి భయపడ్డాను. నా ఉద్యోగం గురించి కూడా భయపడ్డాను, కొంచెం."

కిటికీలోంచి చూసింది. ఎవరి పెరట్లోనో గడ్డికి నీళ్ళు చిమ్మే పైపు తిరుగుతోంది.

"నమ్మకపోయినా బాగుండేదమ్మా," అంది.

"అవును."

"తెలిసి కూడా చెప్పించావు."

"అవును."

ఇంకేమన్నా అంటానేమోనని చూసింది. అనలేదు. మా అమ్మ చెప్పిన కారణం నాలిక చివర దాకా వచ్చింది. మింగేశాను. రేపు ఎనిమిదింటి సంగతి చెప్పాను, ఆయనతో ఏమన్నానో మాటకి మాట చెప్పాను. సస్పెన్షన్ రావచ్చని కూడా.

"నేను రావాలా?"

"నీ ఇష్టం."

గోటితో సీటు మీద చిరుగుని గీకుతూ ఆలోచించింది. తర్వాత నా మొహంలోకి చూసింది, ఆ గదిలో చూసినంత నేరుగానే.

"వస్తా. నేనేం మాట్లాడను. నువ్వు మాట్లాడు. నేను చూస్తా."

"సరే," అన్నాను.

ముందు సీట్లోకి రమ్మని పిలవలేదు, అదీ రాలేదు. సీట్ల మధ్యనించి మళ్ళీ ముందుకి నడిచి, బెల్టు పెట్టుకుని, ఆఖరి సీటు కనబడేలా అద్దం సర్దుకున్నాను. బస్సు తీశాను.